రెండడుగుల మొక్కల ట్యాంకుకు ఏ లైటు కొనాలి? నల్లగొండ, బోరు నీళ్లు

కొత్తట్యాంకు_నల్లగొండ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ మీ ముచ్చట్లు చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు పని పడింది.

రెండడుగుల ట్యాంకు కట్టించాను. పొడవు 24, వెడల్పు 12, ఎత్తు 15 అంగుళాలు. చెక్క హుడ్ లేదు, పైన అద్దం పలకే మూత. కంకర, ఒక డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో అలంకారానికి పెట్టే కట్టె) ముక్క తెచ్చి పెట్టుకున్నా. లైటు దగ్గరే ఆగిపోయాను. షాపులో రెండు చూపించారు. ఒకటి నీలం, తెలుపు కలిసిన క్లిప్ లైటు, 350 రూపాయలు. రెండోది డబ్ల్యూఆర్‌జీబీ అట, 3,800. "మొక్కలు పెట్టాలంటే ఇదే సార్, వేరేది పెడితే చచ్చిపోతయి" అన్నాడు. మా బామ్మర్ది మాత్రం ఇంట్లో వాడే ట్యూబ్‌లైటు చాలు, మిగతా పైసలకు చేపలు కొనుక్కో అంటున్నాడు.

పెట్టాలనుకుంటున్న మొక్కలు: అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా, ముందు భాగంలో పచ్చికలా పరుచుకునే కార్పెట్ మొక్క ఏదైనా. చేపలు గప్పీలు, అరడజను నియాన్ టెట్రాలు. మొక్కలకు సీఓటూ (బొగ్గుపులుసు గాలి) వదిలే సిలిండర్ జోలికి పోను. ట్యాంకు ప్రస్తుతం హాల్లో పడమటి కిటికీ పక్కన ఉంది. ఏది కొనమంటారు?

పాలమూరు_గప్పీ · శనివారం రాత్రి 9:31

లైటు సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ కిటికీ పక్కనుంచి జరుపు. నీళ్లు పోశాక జరపలేవు.

పడమటెండ సాయంత్రం దాకా అద్దం మీద కొడుతుంది. మన దగ్గర ఎండాకాలం ఎట్లుంటదో నీకు చెప్పేదేముంది. ఎండ తగిలిన ట్యాంకు వేడెక్కడం ఒక బాధ, నీళ్లు పచ్చగా మారడం ఇంకో బాధ. నువ్వు ఎంత మంచి లైటు పెట్టినా, ఎంత మంచి టైమర్ పెట్టినా, కిటికీలోంచి వచ్చే వెలుగుకు స్విచ్చి ఉండదు కదా.

కొత్తట్యాంకు_నల్లగొండ · శనివారం రాత్రి 9:40

అన్నా, మా అమ్మ మొదటినుంచీ ఈశాన్యంలో పెట్టమనే అంటోంది, వాస్తు ప్రకారం. నేనే వినలేదు. ఆ మూల కిటికీ లేదు, ప్లగ్ పాయింట్ ఉంది.

పాలమూరు_గప్పీ · శనివారం రాత్రి 9:42

అమ్మ మాట విను. వాస్తుకైనా సరే, నాచుకైనా సరే 😄

మిర్యాలగూడ_మాస్టారు · శనివారం రాత్రి 10:25

బాబూ, షాపువాళ్లు చెప్పే మాటల్లో ఏది నమ్మాలో తేల్చుకోవాలంటే డబ్బా మీద ఏం చూడాలో తెలియాలి. నేను బళ్లో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వాట్లు చూసి కొనవద్దు. వాటు అంటే లైటు ఎంత కరెంటు తాగుతుందన్న లెక్క మాత్రమే, ఎంత వెలుగిస్తుందన్నది కాదు. "గ్యాలన్‌కు ఇన్ని వాట్లు" అని పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, అవి లావు ట్యూబ్‌లైట్ల కాలం నాటివి. ఎల్‌ఈడీకి ఆ లెక్క అతకదు. చూడాల్సింది లూమెన్లు, అంటే లైటు ఇచ్చే వెలుగు లెక్క. మామూలు ఎల్‌ఈడీ బల్బు వాటుకు దాదాపు 100 లూమెన్లు ఇస్తుంది.

మీ ట్యాంకు కొలతలకు అంచు దాకా నింపితే 70 లీటర్లు పడుతుంది. కంకర, పైన వదిలే ఖాళీ తీసేస్తే 60 అనుకోండి. సీఓటూ లేకుండా, తక్కువ వెలుగులో బతికే మొక్కలకు లీటరుకు 10 నుంచి 20 లూమెన్లు అన్నది మొక్కల ట్యాంకులవాళ్లు వాడే మోటు లెక్క. అంటే మీకు 600 నుంచి 1,200. లీటరుకు 20 నుంచి 40 మధ్యరకం వెలుగు. 40 దాటితే సీఓటూ, ఎరువులు లేకుండా నెట్టుకురావడం కష్టం.

ఇక కెల్విన్. 6500 కె అని రాసి ఉంటే పగటి వెలుతురు లాంటి తెలుపు అన్నమాట. అది వెలుగు రంగు గురించే తప్ప బలం గురించి కాదు. 6500 కె చిన్న బల్బు ఉంటుంది, స్టేడియంలో వెలిగేది కూడా ఉంటుంది.

లూమెన్ అసలు మన కంటి కోసం పెట్టుకున్న కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చలో, బాగా చూస్తుంది. మొక్క 400 నుంచి 700 దాకా మొత్తం వాడుకుంటుంది, పత్రహరితం ఎక్కువగా నీలాన్ని, ఎరుపును పీల్చుకుంటుంది. మొక్కకు పనికొచ్చే ఆ వెలుగును పార్ అంటారు. మరి తెల్ల ఎల్‌ఈడీ మొక్కకు సరిపోతుందా? సరిపోతుంది. దాని లోపల ఉండేది 450 దగ్గర వెలిగే నీలం చిప్పే. దానిమీద పూసిన పసుపు పూత ఆ నీలంలో కొంత తీసుకుని ఆకుపచ్చ, పసుపు, ఎరుపుగా మార్చి ఇస్తుంది. మొక్కకు కావాల్సినవన్నీ ఎంతో కొంత అందులో ఉంటాయి. వేరేది పెడితే చచ్చిపోతాయన్న మాట పట్టించుకోకండి.

350 రూపాయల నీలం లైటు కింద చేపలు తళతళలాడతాయి. ఆకులు మాత్రం బూడిద పట్టినట్టు కనిపిస్తాయి. అందులో లూమెన్లు ఎన్నో డబ్బా మీద రాసి ఉండదు, అదే చాలు దాన్ని పక్కన పెట్టడానికి.

గద్వాల్_గ్రీన్ · శనివారం రాత్రి 11:03

మాస్టారు లెక్కతో నాకు సగమే పొత్తు. లీటరు లెక్క లోతును పట్టించుకోదు సార్. అవే 60 లీటర్లు 10 అంగుళాల ఎత్తు ట్యాంకులో ఒకలా, 18 అంగుళాల ట్యాంకులో ఇంకోలా ఉంటాయి. కార్పెట్ మొక్క ఉండేది అడుగున, దానికి చేరేదే లెక్కలోకి వస్తుంది.

నా ఓటు డబ్ల్యూఆర్‌జీబీకే. తెలుపుతో పాటు విడిగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్పులు ఉంటాయి. ఎర్ర మొక్కలు ఎర్రగా, పచ్చవి పచ్చగా కనిపిస్తాయి. అంతకంటే ముఖ్యం, మంచివాటికి డిమ్మర్ వస్తుంది. మొదట్లో 30 శాతంలో పెట్టుకుని, మొక్కలు నాటుకున్నాక పెంచుకోవచ్చు. ఇవాళ 350ది కొని, ఆరు నెలలకు వెయ్యిది కొని, చివరికి 3,800ది కొనే బదులు ఒకేసారి కొనడం నయం.

కార్పెట్ గురించి మాత్రం ఖరాఖండిగా చెబుతా. మాంటే కార్లో, క్యూబా అనే కార్పెట్ మొక్కల లాంటివి సీఓటూ లేకుండా పెట్టొద్దు. వెలుగు తగ్గితే పైకి సాగి సన్నబడతాయి. వెలుగు పెంచితే వాటికన్నా ముందు నాచు పరుచుకుంటుంది.

సూర్యాపేట_అక్క · ఆదివారం ఉదయం 6:50

గద్వాల్ తమ్ముడూ, నీ ట్యాంకు ఫొటోలు చూసి కుళ్లుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ సిలిండర్, గ్యాస్‌ను ఆపి వదిలే సోలినాయిడ్ వాల్వు, వారం వారం ఎరువుల కొలతలు ఉన్నవాడివి నువ్వు. ఈ పిల్లాడు సీఓటూ పెట్టనని మొదటి పోస్టులోనే చెప్పాడు.

సీఓటూ లేని ట్యాంకులో మొక్కకు దొరికే బొగ్గుపులుసు గాలి చాలా కొద్ది. ఆ కొద్ది అయిపోయాక పైనుంచి ఎంత వెలుగు పోసినా మొక్క తీసుకోలేదు. మిగిలింది నాచు తీసుకుంటుంది. గ్యాస్ పొయ్యి మీద బియ్యం పావుకిలో వేసి మంట పెద్దది పెడితే అన్నం ఎక్కువ అవదు, అడుగంటుతుంది. అంతే సంగతి.

నా ట్యాంకు కూడా రెండడుగులదే. పైన 6500 కె 9 వాట్ల బల్బులు రెండు. బల్బు నుంచి పక్కలకు పోయే వెలుగే ఎక్కువ కాబట్టి లోపల తెల్ల రంగు వేసిన డబ్బా హుడ్ చేయించాను. వాలిస్నేరియా వెనక గోడంతా కమ్మేసింది, పిలకలు పీకి పీకి పక్కింటివాళ్లకు పంచుతున్నాను. క్రిప్టోకోరైన్ వెండ్టీ మధ్యలో ఉంది, అదీ నింపాదిగా పెరుగుతుంది. కొత్తగా పెట్టినప్పుడు క్రిప్ట్ ఆకులన్నీ జావలా కరిగిపోతే భయపడి పీకెయ్యొద్దు, వేరు బతికే ఉంటుంది, మళ్లీ చిగురేస్తుంది. అనూబియాస్ నెమ్మది సరుకు, కొత్త ఆకు రావడానికి వారాలు పడుతుంది. ఆకు అంత కాలం ఉంటుంది కాబట్టే వెలుగు ఎక్కువైతే దానిమీద చిన్న చిన్న పచ్చ చుక్కలు గట్టిగా అంటుకుంటాయి, గోరుతో గీకినా పోవు. దాన్ని డ్రిఫ్ట్‌వుడ్ నీడలో పెట్టు.

అనూబియాస్‌కూ జావా ఫెర్న్‌కూ అడ్డంగా పాకే దుంప ఉంటుంది. దాన్ని కంకరలో పాతిపెట్టొద్దు, కుళ్లుతుంది. దారంతో కట్టెకు కట్టు.

కరెంటోడు_దేవరకొండ · ఆదివారం ఉదయం 8:15

బామ్మర్ది చెప్పిందాంట్లో తప్పేం లేదు. రెండడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్ (పట్టీలా ఉండే ట్యూబ్‌లైటు), 10 వాట్లు, 6500 కె. ఎలక్ట్రికల్ షాపులో 200, 250కి దొరుకుతది. 1,000 లూమెన్లు వస్తయి. ట్యాంకు పొడవుకు సరిగ్గా సరిపోతది కాబట్టి మూలలకు కూడా వెలుగు పోతది. మాస్టారు చెప్పిన 600 నుంచి 1,200 మధ్యలోనే ఉన్నది.

అయితే అది నీళ్ల కోసం చేసింది కాదు. కాబట్టి ఇవి పాటించు.

అద్దం మూత తీయకుండా దానిపైనే, రెండు చివర్ల చెక్క ముక్కలు పెట్టి కొంచెం ఎత్తున పెట్టు. నేరుగా అద్దం మీద పడుకోబెట్టకు, గాలాడాలి. మూత ఎత్తేముందు స్విచ్చి ఆపు. తడి చేత్తో ప్లగ్గు ముట్టకు. వైరు ప్లగ్ పాయింట్‌కు నేరుగా పోనీయకు, సాకెట్ కంటే కిందికి వేలాడదీసి మళ్లీ పైకి తీసుకుపో. నీటి చుక్క వైరు పట్టుకుని జారినా ఆ మెలిక దగ్గర కింద పడిపోతది, సాకెట్లోకి పోదు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ వాడు. బోర్డులో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుంటే పెట్టించు, ట్యాంకు ఉన్నా లేకున్నా ఇంటికి అది ఉండాలె.

నీళ్లలో ముంచే చవక ట్యూబులు అమ్ముతున్నరు, రంగురంగులవి. వాటి సీలు మీద నాకు నమ్మకం లేదు. చేతులు పెట్టే నీళ్లలో కరెంటు ఎందుకు?

కొత్తట్యాంకు_నల్లగొండ · ఆదివారం ఉదయం 9:05

అన్నా, ఎవరో ఫ్లడ్‌లైట్ పెట్టొచ్చన్నారు. పెళ్లి పందిట్లో కట్టేదా? నిజమేనా?

కరెంటోడు_దేవరకొండ · ఆదివారం ఉదయం 9:20

అదే. ఐపీ65 అని ఉంటే నీటి తుంపర్లు పడినా ఏం కాదు, ఆ విషయంలో బ్యాటెన్ కంటే నయం. కానీ వెలుగంతా ఒకే చోటునుంచి కొడతది. కింద నడిమధ్యలో ఎక్కువ, రెండు చివర్ల తక్కువ. అడుగు చదరం ట్యాంకుకు 10 వాట్లది బాగుంటది. నీది పొడుగు ట్యాంకు, రెండు పెట్టాల్సి వస్తది. దానికన్నా బ్యాటెనే సుఖం.

మిర్యాలగూడ_మాస్టారు · ఆదివారం ఉదయం 10:40

నీడ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. నల్లగొండలో ఉంటూ పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడకుండా ఉండరు. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు తిరుగుతున్నా గర్భగుడిలో లింగం మీద స్తంభం నీడ పగలంతా అక్కడే ఉంటుంది. స్తంభాల మధ్యలోంచి వెలుగు వేర్వేరు దిక్కుల నుంచి చెదిరి వచ్చేట్టు కట్టడం వల్ల అది సాధ్యమైందని వివరిస్తారు. పిల్లలను అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా నాకు పాఠం సులువవుతుంది.

ట్యాంకులో కూడా వెలుగు ఎక్కడినుంచి వస్తుందన్నది చూడాలి. ఒకే ఫ్లడ్‌లైటు పెడితే డ్రిఫ్ట్‌వుడ్ వెనక నల్లటి నీడ గీత గీసినట్టు పడుతుంది, అక్కడ మొక్క పెట్టలేం. పొడవాటి లైటు కింద నీడ మెత్తబడుతుంది.

గద్వాల్ గారు లోతు గురించి అన్నది నిజం. దానికి లెక్కలతో వాదించుకోవడం దేనికి, కొలిచి చూద్దాం. బాబూ, ఫోనులో లక్స్ మీటర్ యాప్ వేసుకోండి, లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత. ట్యాంకులో నీళ్లు పోయకముందే, రాత్రి గదిలో మిగతా లైట్లు ఆపేసి, ఫోను అడుగున పడుకోబెట్టండి. వెలుగు పట్టే సెన్సర్ ముందువైపు, పైన కెమెరా దగ్గర ఉంటుంది, దానిమీద చెయ్యి పడకూడదు. మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి చూడండి. తెల్ల ఎల్‌ఈడీకి వచ్చిన లక్స్‌ను 70తో భాగిస్తే పార్ సుమారుగా వస్తుంది. ఎండకైతే 54తో భాగించాలి. అడుగున 15 నుంచి 30 వస్తే తక్కువ వెలుగు, 30 నుంచి 80 మధ్యరకం అనుకోవచ్చు. ఫోను సెన్సర్లు ఒకదానికొకటి తేడా చూపిస్తాయి, అంకెను వేదంలా పట్టుకోవద్దు. మధ్యకూ మూలకూ తేడా ఎంతన్నది మాత్రం బాగా తెలుస్తుంది.

గద్వాల్_గ్రీన్ · ఆదివారం ఉదయం 11:15

రంగు చిప్పులున్న లైటుకు ఆ 70 పనికిరాదని కూడా చెప్పండి సార్. ఎరుపు, నీలం మన కంటికి మసకగా కనిపిస్తాయి కాబట్టి లక్స్ తక్కువ చూపిస్తుంది, పార్ మాత్రం ఎక్కువే ఉంటుంది.

మిర్యాలగూడ_మాస్టారు · ఆదివారం ఉదయం 11:22

ఒప్పుకున్నాను. అందుకే "తెల్ల ఎల్‌ఈడీకి" అని రాశాను.

పాలమూరు_గప్పీ · ఆదివారం మధ్యాహ్నం 12:30

బోరు నీళ్లన్న సంగతి అందరూ మరిచిపోయారు. మన నల్లగొండ, పాలమూరు బోర్లు ఎట్లాంటివో తెలిసిందే. ఉప్పు నీళ్లు, సున్నం నీళ్లు. లైటుకూ దానికీ సంబంధం ఉంది.

అద్దం మూత కింద ఆవిరి చేరి ఆరుతుంటుంది. ఆరినచోట తెల్లగా సున్నం పొర మిగులుతుంది. మొదట మసకగా, తర్వాత పొడిపొడిగా, చివరికి గీకితే పెళ్లలు వచ్చేంత మందంగా. లైటు పైన ఉన్నట్టే వెలుగుతుంటుంది, కింద మొక్కలకు సగం కూడా చేరదు. నెలకోసారి మూత తీసి వెనిగర్‌తో తుడిచి, మంచి నీళ్లతో కడిగి పెట్టు. అదయ్యాక లైటు మార్చినంత తేడా కనిపిస్తది.

మొక్కల ఎంపికకు మాత్రం సున్నం నీళ్లు మంచిదే. వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ సీఓటూ దొరకనప్పుడు నీళ్లలోని బైకార్బొనేట్‌ను కూడా వాడుకోగలవు. బోరు నీళ్లలో అది పుష్కలం. వెలుగు గట్టిగా ఉన్న ట్యాంకుల్లో వాటి ఆకుల మీద తెల్లగా సుద్ద పేరుకుంటది, జబ్బనుకోకు, అట్లా వాడుకున్నప్పుడు బయటపడే సున్నమే అది.

నియాన్ టెట్రాలు వద్దు తమ్ముడూ. అమెజాన్ వైపు మెత్తటి నీళ్ల చేపలు అవి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు నీ బోరు నీళ్లలో పండగ చేసుకుంటయి. భగీరథ నల్లా నీళ్లు వాడితే మాత్రం క్లోరిన్ ఉంటది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకో.

దామరచర్ల_నీటిమొక్క · ఆదివారం మధ్యాహ్నం 1:10

హైడ్రిల్లా కొనడం దేనికి, మా కాలవ నిండా అదే. కార్పెట్‌కు కూడా వరి మడుల్లో నాలుగాకుల మార్సీలియా దొరుకుతుంది కదా, తెచ్చి పెట్టుకోవచ్చా?

సూర్యాపేట_అక్క · ఆదివారం మధ్యాహ్నం 1:45

పెట్టొచ్చు, తక్కువ వెలుగులో కూడా బతుకుతుంది, మెల్లగా పాకుతుంది. కానీ పొలంలోంచి నేరుగా ట్యాంకులోకి వద్దు. మందు కొట్టిన పొలం అయితే చేపల ప్రాణం మీదికొస్తుంది. కాలవ మొక్కలతో నత్తలు, జలగలు, తూనీగ పిల్లపురుగులు కూడా వస్తాయి, ఆ పురుగులు గప్పీ పిల్లలను తింటాయి. బకెట్లో వేరుగా పెంచి, కొత్తగా వేసిన చిగుళ్లు మాత్రం తుంచి ట్యాంకులో నాటుకో. మన దగ్గర పనికిరాని మొక్కలు మళ్లీ చెరువులో మాత్రం పడేయొద్దు, గుర్రపుడెక్కతో పడుతున్న అవస్థ చాలదా.

షాపులో దొరికితే డ్వార్ఫ్ సాజిటేరియా తెచ్చుకో తమ్ముడూ. పచ్చిక అంత పొట్టిగా ఉండదు గానీ సీఓటూ అడగదు, ముందువరసకు బాగుంటుంది.

కొత్తట్యాంకు_నల్లగొండ · సోమవారం రాత్రి 10:02

అందరికీ థ్యాంక్స్. ట్యాంకు ఈశాన్యం మూలకు చేరింది, అమ్మ సంతోషం చెప్పనక్కర్లేదు. బ్యాటెన్ తెచ్చాను, 10 వాట్లది. మాస్టారు చెప్పినట్టు కొలిచాను. ఖాళీ ట్యాంకు అడుగున మధ్యలో 2,600 లక్స్, మూలల్లో 1,400 అటూ ఇటూ. 70తో భాగిస్తే 37, 20 వచ్చాయి. కంకర మీద కొలిస్తే ఇంకొంచెం పెరుగుతుందేమో. సరిపోతుందా సార్?

ఇంకో టెన్షన్: రోజుకు ఎన్ని గంటలు వెయ్యాలి? పొద్దున ఆరుకు వేసి రాత్రి పదికి ఆపుదామనుకుంటున్నా, సూర్యుడిలాగా.

మిర్యాలగూడ_మాస్టారు · సోమవారం రాత్రి 10:20

మీరు చెప్పిన మొక్కలన్నిటికీ సరిపోతుంది. మధ్యలో క్రిప్ట్, వెనక వాలిస్నేరియా, మూలల్లో ఫెర్న్ పెట్టండి. మాంటే కార్లో ఆశ వదిలేయండి.

పదహారు గంటలు మాత్రం వద్దు.

సూర్యాపేట_అక్క · సోమవారం రాత్రి 10:48

అమ్మో, పదహారు గంటలా! మొదటి నెల ఆరు గంటలు చాలు. మొక్కలు నాటుకుని కొత్త ఆకులు వేస్తున్నాయని తెలిశాక ఏడు, ఎనిమిది. ఎనిమిది దాటించాల్సిన అవసరం నాకైతే ఎప్పుడూ రాలేదు.

మొదట్లో అద్దం మీద, కంకర మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. వేలితో తుడిస్తే పోతుంది. కొత్త ట్యాంకులన్నిటికీ వచ్చే డయాటమ్ అనే నాచు అది, లైటు మార్చినంత మాత్రాన పోదు, తుడుచుకుంటూ ఉంటే కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. పచ్చనిది వస్తే మాత్రం గంటలు తగ్గించు. అప్పటికీ తగ్గకపోతే బ్యాటెన్‌ను ఇంకో నాలుగంగుళాలు పైకి లేపు. నీ లైటుకు డిమ్మర్ లేదు కదా, ఎత్తే నీ డిమ్మర్. పైన తేలే మొక్కలు గుప్పెడు వేసినా అదే పని చేస్తాయి, సాల్వీనియా గానీ అంతరతామర గానీ. వారానికోసారి సగం తీసిపారెయ్యాలి, లేకపోతే మొత్తం కప్పేస్తాయి.

మొదటి రోజే మొక్కలు ఎక్కువ పెట్టు. నాలుగు మొక్కలు పెట్టి అవి పెరిగేదాకా చూద్దామంటే ఆలోగా నాచు పెరుగుతుంది. హార్న్‌వర్ట్ నాలుగు కొమ్మలు తేలేసినా చాలు, తర్వాత తీసేయొచ్చు.

గద్వాల్_గ్రీన్ · సోమవారం రాత్రి 11:05

ఏ ఆరు గంటలన్నది కూడా ముఖ్యమే. సాయంత్రం 4 నుంచి రాత్రి 10 పెట్టుకో. ఇంట్లో అందరూ ఉండేది అప్పుడే, చూడ్డానికే కదా ట్యాంకు. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు ఎట్లాగూ కాగుతుంటాయి, ఆ పూట లైటు వేడి కూడా తోడవ్వదు. ఎల్‌ఈడీ వేడి తక్కువే, అయినా ఉన్నది ఉన్నట్టు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, 25 డిగ్రీల్లో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన పట్టేది 32 డిగ్రీలకు 7.3కు దిగుతుంది. ఏప్రిల్, మేలలో గాలి పంపు రాత్రంతా నడవనీ. లైటు ఆగాక మొక్కలు కూడా ప్రాణవాయువు పీల్చుకుంటాయి.

బ్యాటెన్ కొన్నందుకు నేనేం అలగను గానీ, ఎర్ర మొక్కల మీద మనసు పడ్డ రోజు నాకు మెసేజ్ చెయ్యి.

పాలమూరు_గప్పీ · సోమవారం రాత్రి 11:12

లిక్విడ్ కార్బన్ సీసా ఒకటి అంటగడతారు షాపులో, సీఓటూకు బదులు అని. అది గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం. వాలిస్నేరియాకు సరిపడదు, ఆకులు కరిగిపోతాయి. కొనకు.

కొత్తట్యాంకు_నల్లగొండ · మంగళవారం ఉదయం 7:30

సరే, 4 నుంచి 10. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. టైమర్ ఏది కొనాలి కరెంటన్నా? చుట్టూ పళ్లున్న చక్రం టైమర్ 300కు దొరుకుతోంది.

కరెంటోడు_దేవరకొండ · మంగళవారం ఉదయం 8:40

ఆ చక్రం కరెంటుతోనే తిరుగుతది. కరెంటు పోయిన గంటసేపు ఆగిపోయి, వచ్చినంక ఆగినకాడినుంచి షురూ అయితది. రెండు కోతలు పడితే నీ 4 గంటల లైటు 6కు వెలుగుతది, రాత్రి 12కు ఆరుతది. వారం తిరిగేసరికి పొద్దున ఎప్పుడో వెలుగుతుంటది, నీకు తెలియను కూడా తెలియదు. ఇన్వర్టర్ లైనుకు పెడితే చక్రం టైమర్ చాలు. ఇన్వర్టర్ లేకుంటే లోపల చిన్న బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ కొను, కరెంటు పోయినా టైం పోదు.

ఇన్వర్టర్ మీద పెట్టాల్సింది ఏదన్నా ఉంటే ముందు గాలి పంపు పెట్టు. లైటు రెండు గంటలు ఆగితే మొక్కలకు ఏం కాదు, చేపలకు గాలి ఆగితే అట్ల కాదు.

వనపర్తి_ఫైటర్ · బుధవారం సాయంత్రం 5:55

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నాది టేబుల్ మీద అడుగు ట్యాంకు, ఒక్క ఫైటర్ చేప, ఒక్క అనూబియాస్. చదువుకునే టేబుల్ ల్యాంపు వంచి పెడితే సరిపోతుందా? అందులో ఉన్న బల్బు మీద 3000 కె అని ఉంది.

కరెంటోడు_దేవరకొండ · బుధవారం సాయంత్రం 6:30

సరిపోతది. 5 వాట్లు చాలు. 3000 కె అంటే పసుపు వెలుగు, అనూబియాస్‌కు ఇబ్బంది లేదు, నీళ్లు మాత్రం పలుచటి టీలాగ కనిపిస్తయి. 6500 కె బల్బు 100 రూపాయల లోపే వస్తది, మార్చుకో. ల్యాంపు మెడ గట్టిగా ఉందో లేదో చూసుకో, వంగి నీళ్లలో పడేటట్టుంటే గోడకు బిగించు.